సువార్తమ్మ ఏరుకున్న వాక్యాలు

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో తల్లీ. ఆ, ఇప్పుడు ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే కథ మధ్యలో ఆగిపోద్ది, తర్వాత నన్నడిగి లాభం లేదు.

అనగనగా మిరప చేల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక చర్చి, చర్చి వెనక వీధిలో పక్కపక్కనే రెండిళ్ళు. ఆ రెండిళ్ళలో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దావిడ సువార్తమ్మ, చిన్నావిడ లూదియమ్మ. వాళ్ళ అత్తగారు సారమ్మ బాగా ముసలిది, మంచం దిగలేదు. సువార్తమ్మ ఇంటి వసారాలో పడుకుని ఉండేది.

సువార్తమ్మకి బైబిలంతా నోటికి వచ్చు. అంతా అంటే అంతా కాదులే, నేనే కాస్త ఎక్కువ చేసి చెప్తున్నా. కానీ ఆ ఊళ్ళో ఇంకెవరికీ రానంత వచ్చు. చర్చిలో వాక్యాల పోటీ పెడితే బహుమతి స్టీలు గిన్నె ఎప్పుడూ ఆమెదే. పాలు పొంగిపోయినా ఒక వాక్యం చెప్పేది, కోడిపెట్ట తప్పిపోయినా ఒక వాక్యం చెప్పేది. చర్చి ఆడవాళ్ళంతా కలిసి ప్రార్థన చేసుకునే స్త్రీల మైత్రికి ఆమే పెద్ద. ఆమె ప్రార్థన మొదలుపెడితే మోకాళ్ళ మీదున్న ఆడవాళ్ళు ఈ మోకాలి మీద నుంచి ఆ మోకాలి మీదికి వాలుతూ ఆమేన్ కోసం ఎదురుచూసేవాళ్ళు.

లూదియమ్మకి అన్ని వాక్యాలు రావు. పొద్దున లేస్తే చేలో పని, సాయంత్రం ఇంట్లో పని, ఆదివారం చర్చి. మాట తక్కువ మనిషి.

ఆ ఏడు సువార్తమ్మ పెరట్లో గుమ్మడి గింజ పెట్టింది. తీగ వచ్చింది. ఆ తీగకి ఏం బుద్ధి పుట్టిందో, గోడెక్కి, అటు దిగి, లూదియమ్మ పాక మీదికి పోయింది. అక్కడ ఒకే ఒక్క కాయ కాసింది. అప్పుడు లూదియమ్మ నిచ్చెన వేసుకుని ఎక్కి, కాయ కింద గడ్డితో కుదురు చేసి పెట్టింది. కోతుల కంట పడకుండా పైన పాత చీర కప్పింది. చేలోంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ముందు ఆ కాయని చూసుకునేది. కాయ పెరిగి పెరిగి ఒక మనిషి మొయ్యలేనంత అయింది.

"ఈసారి కోత పండక్కి దేవుడి ముందు ఇదే పెడతా అత్తమ్మా" అని సారమ్మతో చెప్పుకుంది. 

కోత పండుగ తెలుసుగా నీకు? పంట చేతికొచ్చాక మొదటి ఫలం చర్చికి తీసుకుపోతారు. ఒకళ్ళు వడ్లు, ఒకళ్ళు మిరపకాయలు, ఒకళ్ళు కోడిపుంజు. అన్నీ బల్ల ముందు పేరుస్తారు. పాస్టరు అయ్యగారు ఎవరేం తెచ్చారో పేరు పేరునా చదివి ప్రార్థన చేస్తారు. ఆ పేరు చదివించుకోవటం కోసం కొందరు ఎంత పాటు పడతారో, అది వేరే కథ.

పండగ ముందు రోజు లూదియమ్మ మిరపకాయ కోతకి పోయింది. అప్పుడు సువార్తమ్మ గోడ దగ్గర నిలబడి పాక మీదికి చూసింది. 'గింజ నాది, పాదు నాది. కాయ ఇంకెవరిదవుద్ది?' అనుకుంది. అనుకుని ఊరుకుందా? ఊరుకుంటే నాకు కథెక్కడిది. పైకెక్కి కాయ కోసి, కప్పిన పాత చీరలోనే కట్టి కిందికి దించి, దొర్లించుకుంటూ తెచ్చి ఇంట్లో పెట్టుకుంది.

సాయంత్రం లూదియమ్మ వచ్చి చూస్తే పాక మీద ఖాళీ కుదురే ఉంది. మర్నాడు చర్చిలో అయ్యగారు "సువార్తమ్మగారు, గుమ్మడికాయ" అని చదివారు. అబ్బ ఎంత కాయో అని అందరూ మెడలు సాచి చూశారు. లూదియమ్మ కొంగులో కాసిని కోడిగుడ్లు పట్టుకుని నిలబడింది. "అది నేను పెంచిన కాయ" అంది. అంతే అంది. కానీ చర్చంతా వినబడింది.

"నన్ను నలుగురిలో దొంగని చేసింది" అని సువార్తమ్మ ఏడుచుకుంటూ ఇంటికొచ్చింది. దొంగ అన్న మాట లూదియమ్మ నోటి నుంచి రానేలేదు.

ఆ తర్వాత ఇద్దరికీ మాటలు పోయాయి. లూదియమ్మ అత్తగారికి స్నానం చేయించటానికి వస్తే సువార్తమ్మ పెరట్లోకి పోయేది. లూదియమ్మ వెళ్ళాక లోపలికి వచ్చేది. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ మనకెందుకొచ్చిందిలే అని పళ్ళెంలోకి చూసుకుంటూ తినేవాళ్ళు.

నెల మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు చర్చిలో ప్రభు భోజనం ఉంటుంది. మంచం మీదున్న వాళ్ళకి ఆరాధన అయ్యాక అయ్యగారే ఇంటికి రొట్టె, ద్రాక్షరసం తీసుకొస్తారు. సారమ్మ దగ్గరికీ వచ్చారు. రొట్టె అందిస్తే సారమ్మ నోరు తెరవలేదు.

"వద్దయ్యా. నా కోడళ్ళిద్దరూ నాకు చెరో పక్కన కూర్చుంటే తీసుకుంటా. వాళ్ళు ఇట్లా ఉంటే నాకు గొంతు దిగదు" అంది.

"నువ్వేం తప్పు చేశావని మానుకుంటావమ్మా?" అని అయ్యగారు బతిమాలారు.

"నేను పోయేలోగా ఒక్కసారి. అంతే నా కోరిక" అని సారమ్మ గోడ వైపు తిరిగింది. అయ్యగారు గిన్నె మీద గుడ్డ కప్పుకుని వెళ్ళిపోయారు.

సువార్తమ్మకి భయమేసింది. అత్తగారు రోజురోజుకీ చిక్కిపోతోంది. వచ్చే నెల దాకా ఉంటుందో ఉండదో. ప్రభు భోజనం లేకుండా పోతే ఆ పాపం ఎవరికి? అందుకని బైబిలు ముందేసుకుని కూర్చుంది. దీనికి ఏ వాక్యం సరిపోద్దా అని వెతికింది.

మొదట శత్రువుల కోసం ప్రార్థన చెయ్యమన్న మాట దొరికింది. భలే దొరికింది అనుకుంది. ఆ వారం మైత్రి కూడికలో అందరితో పాటు లూదియమ్మా ఉంది. అప్పుడు సువార్తమ్మ మోకరించి గొంతెత్తింది. "ప్రభువా, నా తోడికోడలు లూదియని జ్ఞాపకం చేసుకో. దాని నోటికి కావలి పెట్టు. దాని మనసులో అసూయ తీసెయ్యి" అని మొదలుపెట్టింది. కళ్ళు మూసుకున్న ఆడవాళ్ళందరూ ఒక కన్ను తెరిచి లూదియమ్మని చూశారు. ఆమేన్ ఇంకా ఎక్కడో ఉండగానే లూదియమ్మ లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"ప్రార్థన చేస్తే లేచి వెళ్ళిపోయింది అత్తమ్మా" అని సువార్తమ్మ ఇంటికొచ్చి చెప్పింది.

"పేరు పెట్టి చేశావా?"

"పేరు పెట్టకపోతే దేవుడికి ఏ లూదియో తెలియొద్దూ?"

సారమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

ఆ తర్వాత రెండో వాక్యం దొరికింది. శత్రువు ఆకలిగా ఉంటే అన్నం పెట్టు, అట్లా చేస్తే అతని తల మీద నిప్పులు కుప్ప పోసినట్టే అని ఉంది కదా, అది. నిప్పులన్న మాట సువార్తమ్మకి బాగా నచ్చింది. కొరమీను తెప్పించి, మామిడికాయ వేసి పులుసు పెట్టింది. పక్కిల్లే కదా, గోడ మీంచి అందించొచ్చు. ఊహూఁ. గిన్నె పట్టుకుని వీధి చివరిదాకా పోయి, తిరిగి వచ్చింది. ఎవరడిగినా, అడక్కపోయినా "మా లూదియకి. ప్రభువు పెట్టమన్నాడుగా మరి" అని చెప్పింది. గడప మీద గిన్నె పెట్టి, ఇంటికొచ్చి, నిప్పులు రాజుకున్నాయో లేదో అని గోడ మీంచి తొంగి చూసింది.

సాయంత్రానికి గిన్నె వచ్చింది. తోమి, తుడిచి, ఖాళీగా. మన ఇళ్ళలో ఒకళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వరమ్మా. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసిస్తారు. ఖాళీ గిన్నె చూసేసరికి నిప్పులు సువార్తమ్మ తల మీదే పడ్డట్టయింది.

వింటున్నావా? ఊఁ అను.

అప్పుడు మూడోది దొరికింది. ఎన్నిసార్లయినా క్షమించమన్న మాట. సువార్తమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని లూదియమ్మ వాకిట్లోకి పోయింది. లూదియమ్మ బియ్యం చెరుగుతోంది.

"లూదియా, నేను నిన్ను క్షమించేశాను."

చేట ఆగింది. "దేనికి?"

"నలుగురిలో నన్ను అన్నదానికి."

లూదియమ్మ చేట కింద పెట్టింది. "నీ క్షమాపణ నువ్వే దాచుకో" అని లోపలికి పోయి తలుపేసుకుంది. వాకిట్లో సువార్తమ్మ, బియ్యానికి వచ్చిన కోళ్ళు మిగిలారు.

సువార్తమ్మ ఉడుక్కుంటూ ఇంటికొచ్చింది. మళ్ళీ బైబిలు తెరిచి పేజీలు గబగబా తిప్పుతోంది. సారమ్మ ఇటు తిరిగింది.

"ఏం వెతుకుతున్నావే?"

"ఇంకో వాక్యం. ఇన్నాళ్ళూ చేసినవి ఒక్కటీ పని చెయ్యలేదు అత్తమ్మా. దానిది రాతి గుండె."

సారమ్మ కాసేపు ఊపిరి తీసుకుంది. "కాయ కోసిన రోజు లూదియ ఎక్కడుంది?"

"చేలో ఉంది."

"నువ్వెక్కడున్నావు?"

"దాని పాక మీద."

"నిచ్చెనెవరిది?"

"దానిదే" అంది సువార్తమ్మ, చిన్న గొంతుతో. సారమ్మ మళ్ళీ గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. అంతకు మించి మాట్లాడే ఓపిక ఆమెకి లేదు.

సువార్తమ్మ ముందున్న బైబిలు వైపు చూసింది. శత్రువు కోసం ప్రార్థించు, శత్రువుకి అన్నం పెట్టు, నీకు కీడు చేసినవాణ్ణి క్షమించు. అన్నీ మంచివే. కానీ అవన్నీ దెబ్బ తిన్నవాళ్ళకి చెప్పినవి. దెబ్బ కొట్టింది తనైతే? ఇన్నాళ్ళూ లూదియ చెయ్యాల్సినవి తను ముందేసుకుని కూర్చుంది. అప్పుడు ఇంకో మాట గుర్తొచ్చింది. బలిపీఠం ముందు కానుక పెట్టబోతుంటే, నీ వల్ల నొచ్చుకున్న మనిషి గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు పోయి ఆ మనిషితో సమాధానపడమని. ఆ వాక్యం ఒక్క అక్షరం పోకుండా చెప్పి ఒక ఏడు స్టీలు గిన్నె కూడా తెచ్చుకుంది. చెప్పిన ప్రతిసారీ, తన దగ్గరికి ఎవరెవరు రావాలో లెక్కేసుకుందే గాని తను ఎవరి దగ్గరికి పోవాలో అనుకోలేదు. సువార్తమ్మకి సిగ్గేసింది. చెవులు వేడెక్కేంత సిగ్గేసింది.

ఆ తర్వాత బైబిలు మూసి, ఉత్త చేతులతో పక్కింటికి పోయింది. తెల్లచీర కూడా కట్టుకోలేదు.

"లూదియా, ఆ కాయ నీది. నువ్వు లేకుండా చూసి కోశాను. అడిగితే ఇచ్చేదానివే. నిన్ను అడగటం నాకు నామోషీ అనిపించింది. తప్పు నాది."

లూదియమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. "నాకు చెప్పావు, బాగుంది. మరి చర్చిలో? కాయ కోసం దేవుడి ముందు గొడవ పడ్డ మనిషినని నా పేరు మిగిలింది. మైత్రిలో అందరూ వినేట్టు ప్రార్థన చేశావు. నలుగురిలో చేసింది నా వాకిట్లో దిద్దితే సరిపోద్దా?"

సువార్తమ్మ ఇంటికొచ్చి ఆలోచనలో పడింది. ఎంత పేరు తనది! మైత్రికి పెద్ద. చిన్నపిల్లలకి వాక్యాలు నేర్పేది ఆమె. ఆ వారమంతా ఆమెకి అన్నం సయించలేదు. పోనీలే, ఇద్దరి మధ్యా చెప్పుకున్నాం కదా, చాల్లే అనుకునేది. అనుకుని వసారాలోకి వస్తే అత్తగారి మంచం కనబడేది.

మళ్ళీ నెల మొదటి ఆదివారం రానే వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పేవాళ్ళున్నారా అని అయ్యగారు అడిగారు. సువార్తమ్మ చాప మీంచి లేచింది. ఈవిడ లేచిందంటే గంట పడుతుందని వెనకవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. ఆమె నోరు తెరిస్తే, ఎన్నడూ లేంది, ఒక్క వాక్యం రాలేదు.

"కోత పండక్కి నా పేరు మీద చదివిన గుమ్మడికాయ లూదియది. లూదియ చేలో ఉన్నప్పుడు దాని నిచ్చెనే వేసుకుని కోసుకొచ్చాను. పైగా ప్రార్థన పేరు పెట్టి దాన్నే ఆడిపోసుకున్నాను. లూదియా, నన్ను క్షమించు" అని, నిలబడలేక కూర్చుండిపోయింది.

సువార్తమ్మ తల వంచుకుని చాప అంచు చూస్తూ కూర్చుంది. అప్పుడు ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు.

"కాస్త జరుగక్కా" అంది లూదియమ్మ. సువార్తమ్మ జరిగింది. లూదియమ్మ పక్కనే చతికిలబడింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఇంటికొచ్చారు. కోడళ్ళిద్దరూ సారమ్మని లేపి కూర్చోబెట్టారు. ఒకళ్ళు ఇటు, ఒకళ్ళు అటు భుజం ఆనించారు. సారమ్మ ఇటు చూసింది, అటు చూసింది. ముసలాళ్ళని అంత తేలిగ్గా మోసం చెయ్యలేరు.

"నిజంగానా? నా కోసం నటిస్తున్నారా?" అంది.

సువార్తమ్మ ఏడుస్తూ, నటన కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. లూదియమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "నిజంగానే అత్తమ్మా. నాకింకా కొంచెం కోపముంది. కానీ పోద్దిలే."

సారమ్మ మొహం వికసించింది. "అదీ మాట. ఇప్పుడియ్యండయ్యా" అని నోరు తెరిచింది.

ఆ తర్వాత ఎన్నాళ్ళు బతికిందంటావా? ఎన్నో నాళ్ళు కాదు. కానీ ఉన్నన్నాళ్ళూ, నెలనెలా, ఇద్దరి మధ్యా కూర్చునే తీసుకుంది.

కథ వెళ్ళింది కంచికి,
మనం వచ్చాం మంచానికి.
కోపం పోయింది ఊరు దాటి,
కునుకు వచ్చింది గడప దాటి.
ఇక కళ్ళు మూసుకో తల్లీ.