తడిసిన కట్టె

సాయంత్రం కోట కింద ఊళ్ళో కథ. నాంచారి గురువు తోడు లేకుండా తనే చెప్పబోయే మొదటి కథ అది. పొద్దున్నే నాంచారి తన గురువు తిరపమ్మ ఇంటికి దిగాలుగా వచ్చింది.

పొయ్యి ముందున్న తిరపమ్మ తలతిప్పి చూసింది.

"ఏమైందే?"

"నా కథ పోయింది గురువమ్మా."

ఆరువందల ఏళ్ళ కిందట ఆ కోట దగ్గర జరిగిన యుద్ధం కథ అది. కొడుకు పోయాడని కబురు వచ్చేసరికి తల్లి రోట్లో మిరపకాయలు దంచుతుంటుంది. పక్కనే కోడలు, నిండు చూలాలు. ఆ పిల్ల బెదిరిపోతుందని తల్లి ఏడుపు దిగమింగి, కళ్ళొత్తుకుని, "కారం మండిందే అమ్మా" అంటుంది. ఈ ఘట్టం నాంచారి సొంతంగా కల్పించుకున్నది. చెప్పినప్పుడల్లా ముందు ఆమే ఏడ్చేసేది.

"నిన్న బడిపంతులు విని, ఆ కాలంలో మన దేశంలో మిరపకాయే లేదమ్మా అన్నాడు. నిజమేనంట. మన డోలు వీరయ్య ఒకటే నవ్వు. పాపం వాళ్ళు గోంగూర పచ్చడి ఎట్టా తిన్నారో అని!"

"మిరియాలు పెట్టలేకపోయావా?"

"పెట్టి చూశాను. తుమ్ములొస్తున్నాయి గానీ ఏడుపు రావట్లా."

తిరపమ్మ నవ్వు ఆపుకుంది.

"అయినా ఆ తల్లి ఏడ్చిందని మాత్రం ఎవరు చూశారు? అంతా అబద్ధమే. నేను చెప్పలేను గురువమ్మా, ఇంకెవరినన్నా పంపు."

తిరపమ్మ చూరు కింద వానకు తడిసిన కట్టె తెచ్చి పొయ్యిలో దూర్చింది. ఊదుగొట్టం చేతికిచ్చి, "కాస్త ఊదవే" అంది.

నాంచారి ఊదింది. మంట రాలేదు, పొగ లేచింది. నిన్నటినుంచి బిగబట్టుకున్న ఏడుపంతా ఆ పొగలో చెంపల మీదుగా జారిపోయింది.

మజ్జిగకని వచ్చిన పక్కింటావిడ గుమ్మంలో ఆగింది. "ఏందే నాంచారీ, ఏడుస్తున్నావా?"

"లేదు పిన్నీ, పొగ!" అని చప్పున కళ్ళు తుడుచుకుంది నాంచారి.

తుడుచుకున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. గురువు వైపు చూసింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, నవ్వొచ్చేసింది.

"మరి ఎవరూ చూడని ఆ తల్లి ఏడుపు, గురువమ్మా? ఉంచుకోవచ్చా?"

తిరపమ్మ కట్టె బయటికి లాగి నీళ్ళు చల్లింది.

"మిరపకాయ మధ్యలో వచ్చిందే పిల్లా. ఏడుపు దాచుకోవటం ఎప్పుడు లేదు?"