రెండోసారి పాడిన పద్యం

చుట్టుపక్కల ఏ ఊళ్ళో నాటకం పడినా ముందు వరుసలో కూర్చుని, పత్రికలో సమీక్ష రాసే సీతాపతికి నాటకమంటేనే మొహం మొత్తిపోయింది. సాంఘికాలు, పద్యనాటకాలు, ఆఖరికి బొంబాయి వెళ్ళి ఒపెరా కూడా చూసొచ్చాడు. ఏదీ లోపలికి దిగడం లేదు. తెర లేస్తే ఒళ్ళు పులకరించే మనిషి కాస్తా, తెర ఎప్పుడు పడుతుందా అని చూసే స్థితికొచ్చాడు పాపం.

ఇక లాభం లేదని, తనకు సమీక్ష రాయడం నేర్పిన భూషణంగారి దగ్గరికి పొద్దున్నే వెళ్ళాడు. ఆయన వీధరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"మానేస్తున్నానండీ. ఇహ రాయను."

"ఏమొచ్చిందిరా?"

"నిన్న తెనాలిలో గుర్నాథం రాజు వేషం కట్టాడు. బాణం తగిలి, పద్యం పాడి, ప్రాణం వదిలాడు. జనం 'వన్స్‌మోర్' అన్నారు. అంతే, చచ్చినవాడు శుభ్రంగా లేచి, కిరీటం సర్దుకుని, అదే పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చాడు! ఇదేం చోద్యమండీ? జనం మళ్ళీ ఏడ్చారు కూడానూ. నా కన్ను చెమర్చలేదు. ఒకప్పుడు ఆ పద్యానికే వెక్కి వెక్కి ఏడ్చినవాణ్ణి. బతుకంతా దీనికే ధారపోశానండీ. ఇదీ పోతే నాకింకేం మిగిలింది?"

చివరి మాటకు గొంతు పూడుకుపోయింది. కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

భూషణంగారు చేతిలో కాయ పక్కన పెట్టి, చప్పట్లు చరిచి గట్టిగా అరిచారు.

"వన్స్‌మోర్!"

సీతాపతి బిత్తరపోయాడు. "వేళాకోళమాండీ?"

"కాదురా. కడుపు తరుక్కుపోయింది. మళ్ళీ చెప్పు."

గురువుగారి మాట కాదనలేక మళ్ళీ మొదలుపెట్టాడు. మాటలన్నీ వచ్చాయి గానీ, గొంతు పూడుకోవాల్సిన చోట పూడుకోలేదు. పూడుకున్నట్టు చెయ్యబోతే దగ్గొచ్చింది. సిగ్గేసి మధ్యలోనే ఆపేశాడు.

"వన్స్‌మోర్!"

"నా వల్ల కాదండీ."

"నీ సొంత దుఃఖమే కదరా?"

సీతాపతి తల దించుకున్నాడు.

"ఇంతకీ రెండోసారి ఎలా పాడాడు గుర్నాథం?"



"చూడలేదండీ. నవ్వొచ్చి, పక్కాయనతో మాట్లాడుతూ కూర్చున్నాను."

భూషణంగారు మళ్ళీ చిక్కుడుకాయలు అందుకున్నారు.

సీతాపతి కండువా దులుపుకుని లేచాడు. మెట్లు దిగాక ఆగి, వెనక్కి తిరిగి మెల్లిగా అడిగాడు.

"ఇవాళ వాళ్ళ ఆట ఏ ఊళ్ళోనండీ?"