ఆగని దండోరా

అనగనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. పేరు తుంగపాడు. ఊరంతా తుంగచాపలు అల్లేవాళ్ళే. మంచివాళ్ళు, మర్యాదస్తులు. ఆ మర్యాదే వాళ్ళ కొంప ముంచింది. ఎలాగో చెబుతా వినండి.

ఆ ఊళ్ళో ఎవరైనా ఇల్లు తాకట్టు పెట్టి వాయిదా తప్పితే, ఇంటిముందు వారానికొకటి చొప్పున మూడు దండోరాలు వేయాలి. మూడోది ముగిశాక ఇంటికి తాళం పడుతుంది. అది రాజుగారి చట్టం. కానీ డప్పు మోగిందంటే చాలు, వీధి వీధంతా తలుపులు మూసుకునేది. పక్కవాడి పరువు పోతుంటే కళ్ళారా చూడకూడదట! ఇక ఆ ఇంటివాళ్ళు మూడో డప్పుదాకా ఉంటారా? మొదటిదానికే మూటాముల్లె సర్దుకుని ఊరు దాటిపోయేవాళ్ళు.

అలా పదకొండు ఇళ్ళు షావుకారు గవరయ్య చేతిలో పడ్డాయి. పన్నెండోది పుల్లమ్మది.

పుల్లమ్మ ఒకరి జోలికి పోయే మనిషి కాదు. ఆ ఏడు వరదొచ్చి ఏటిలో తుంగంతా కుళ్ళిపోయింది. అదే ఏడు మొగుడు సూరన్న కాలు విరిగి మంచాన పడ్డాడు. వైద్యం కోసం ఇల్లు తాకట్టు పెట్టింది. నాలుగు వాయిదాలు కట్టింది, ఐదోది కట్టలేకపోయింది. అంతే, వాకిట్లో డప్పు మోగింది.

"విన్నారహో! పుల్లమ్మ ఇల్లు షావుకారు గవరయ్యకు బాకీ!" అని అరిచాడు దండోరా వేసే సాంబయ్య.

ధడేల్ ధడేల్‌మని తలుపులు పడ్డాయి. పుల్లమ్మ కూడా తలుపేసుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

"మా అక్క ఊరికి పోదామే," అన్నాడు సూరన్న.

"ఈ గోడల మట్టి తొక్కింది నేను. ఈ కప్పుకు గడ్డి మోసింది నేను. ఎక్కడికీ రాను!" అంది పుల్లమ్మ. అననైతే అంది గాని, ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

రెండో వారం డప్పు మోగేసరికి పుల్లమ్మ గడపమీద కూర్చుని చాప అల్లుతోంది. అమ్మో, ఎంత గుండె! దండోరా వెంట వచ్చిన గవరయ్య నోరు వెళ్ళబెట్టాడు. సాంబయ్య రాజుగారి చట్టం రాసి ఉన్న తాటాకు తీసి ఒకవైపు చదివి, అలవాటు కొద్దీ చుట్టేయబోయాడు.

"తాతా, ఆకు వెనక కూడా రాత ఉందే. అదీ చదువు," అంది పుల్లమ్మ.

"చాల్లే, పదవయ్యా!" అని గవరయ్య గద్దించాడు.

సాంబయ్య డప్పు సర్దుకుంటున్నట్టు వంగి మెల్లగా చెప్పాడు. "తల్లీ, పన్నెండేళ్ళుగా ఈ వెనకవైపు చదివించుకున్నవాళ్ళు లేరు. నాకు కూలిచ్చేది ఆయన. నువ్వొక్కదానివి అడిగితే ఆయన మాట దాటలేను. వీధంతా అడిగితే ఆయనా నన్నేం చేయలేడు."

పుల్లమ్మ మర్నాడే పైట బిగించి ఇల్లిల్లూ తిరిగింది.

"ఛీ, ఇలా చెప్పుకోడానికి నీకు సిగ్గులేదుటే?" అంది పక్కింటి అక్కమ్మ.

"ఉండేది వదినా. కిందటి వారమే వదిలేశాను. నా పరువు కాపాడాలని నువ్వు తలుపేసుకుంటున్నావు సరే, ఇల్లు పోయాక ఆ పరువును నేనెక్కడ పెట్టుకోను? ఈసారి తలుపు తీసి నిలబడు!"

మూడో వారం గవరయ్య తాళంకప్ప పట్టుకుని మరీ వచ్చాడు. డప్పు మోగింది. ఒక తలుపు తెరుచుకుంది. అది అక్కమ్మది. తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ.

"వెనకవైపు చదువు!" అని వీధంతా అరిచింది.

సాంబయ్య ఆకు తిప్పాడు. "వరదవల్లగాని, రోగంవల్లగాని వాయిదా తప్పినవారు మూడో దండోరా ముగిసేలోపు కోటవాకిట మొరపెట్టుకుంటే, ఏడాది వాయిదాలు ఖజానా కడుతుంది. కుదుటపడ్డాక మెల్లగా తీర్చుకోవచ్చు. అందాకా ఇంటికి తాళం వేయరాదు!"

"అయ్యయ్యో! మా తమ్ముడి ఇల్లు ఉత్తపుణ్యానికి పోయిందే!" అని అక్కమ్మ గుండెలు బాదుకుంది.

గవరయ్య పకపకా నవ్వాడు. "కోట రెండు కోసుల దూరం. దండోరా ఇక్కడే ముగిసింది."

"ముగిసిందని ఎవరన్నారు?" పుల్లమ్మ లేచి నిలబడింది. "తాతా, ఆపకు. కొట్టు!"

సాంబయ్య కొట్టాడు. కొడుతూనే నడిచాడు. వెనక పుల్లమ్మ, ఆమె వెనక ఊరు. గవరయ్య వెంటపడి పరిగెత్తాడు. ఊరి పొలిమేర దగ్గర, "వరహా ఇస్తా, ఆపరా!" అన్నాడు. వాగు దగ్గర, "పది ఇస్తా!" అన్నాడు. కోట కనబడేసరికి, "నీకిక కూలి పుట్టనివ్వను!" అని బెదిరించాడు. సాంబయ్య చేతులు పడిపోతే అక్కమ్మ డప్పు అందుకుంది. ఆమె అలసిపోతే, ఎద్దుబండిలో వస్తున్న సూరన్న అందుకున్నాడు.

ఆ మోత విని రాజు కోటవాకిట్లోకి వచ్చాడు. పుల్లమ్మ మొర విని ఆశ్చర్యపోయాడు. "ఈ సాయం పెట్టి పన్నెండేళ్ళయింది. ఒక్కరూ రాకపోతే, నా రాజ్యంలో కష్టమే లేదని మురిసిపోయానమ్మా!"

"కష్టం లేక కాదు ప్రభూ, చెప్పుకోలేక! మేము సిగ్గుపడి చచ్చాం. మీరేమో మంచిమాటను ఆకు వెనక రాయించి ఊరుకున్నారు. పోయిన ఆ పదకొండు ఇళ్ళ మాటేమిటి?"

కొలువంతా బిత్తరపోయింది. రాజు తలవంచుకున్నాడు. "తప్పు నాదే. పుల్లమ్మ వాయిదాలు ఖజానా కడుతుంది. ఆ పదకొండు ఇళ్ళూ మళ్ళీ విచారిస్తాను. ఇకమీదట దండోరాలో ముందు చదవవలసింది ఆ వెనకవైపే."

అప్పుడు పుల్లమ్మ మొగుడివైపు తిరిగి, "ఇక ఆపవయ్యా," అంది. డప్పు ఆగింది.

సూరన్న కాలు బాగుపడింది, ఏటిలో తుంగ మళ్ళీ మొలిచింది. మూడేళ్ళలో పుల్లమ్మ బాకీ అణాపైసలతో తీర్చేసింది. తుంగపాడులో ఇప్పుడు డప్పు మోగితే తలుపులు మూసుకోవు, తెరుచుకుంటాయి.

కష్టంలో తలుపేసుకుంటే ఇల్లు పోతుంది. తలుపు తీసి నిలబడి అడిగితే ఊరే తోడొస్తుంది.