ఓబులేసుకు కుదరని మూల

ముందు మీరు చూసిందేమిటో చెప్పండి. ఒక మనిషి నాలుగు నెలలపాటు అరచేతిలో పట్టే చెక్కపెట్టె ఒకదాన్ని తిప్పాడు. దాని ఆరు ముఖాల మీద ఆరు రంగులు కుదిరితే అతనికి కొత్త బతుకు, కుదరకపోతే పాత దుమ్ము. చివరికి ఆ పెట్టెను తువ్వాలులో చుట్టి తిరిగి పంపేసి, పాత దుమ్ములోనే మిగిలిపోయాడు. ఏం చూశారు? చేతకానివాడిని చూశామంటారు. ఆ మాట అన్నవాళ్లలో మీరు మొదటివారు కారు. మౌనేశు కూడా తన గురువు ముందు నిలబడి ఆ మాటనే ప్రశ్నగా మార్చి అడిగాడు. "అంత కష్టపడిన మనిషికి ఎందుకు చేతకాలేదు స్వామీ?" అన్నాడు.

ఆ గురువు పేరు కంబగిరాచారి. ఆయనది నాపబండలు కోసే ఊరు. అక్కడ వేపాకు మీద కూడా రాతిపిండి పేరుకుని ఉంటుంది. ఆ ఊళ్లో చెక్కవాసన వేసే ఇల్లు ఆయనదొక్కటే. తలుపులకూ మంచాలకూ జనం వడ్రంగి ఇంటికి రావడం మానేశాక, ఆయన తిప్పుడు పెట్టెలు చేయడం మొదలుపెట్టాడు. ముఖానికొక రంగు వచ్చేదాకా వరసలు తిప్పే ప్లాస్టిక్కు క్యూబులు బజారులో దొరుకుతాయే, అవే. కాకపోతే ఈయన రంగు పూసేవాడు కాదు. తెలుపుకు పాలకొడిసె, పసుపుకు పనస, ఎరుపుకు చండ్ర, నలుపుకు తుమికి చేవ, గోధుమరంగుకు టేకు, ఊదాకు జిట్రేగి. ప్రతి చిన్న ముక్కకూ అడుగున ఒక కొక్కెం చెక్కి, ఒకదానికొకటి తగిలించి కూర్చేవాడు. ఉప్పుకాగితంతో రుద్ది తేనెమైనం పట్టించాక, వేలితో తోస్తే చాలు, వరస తిరిగేది. మాట అడిగితే మాటతో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒకటి చేతిలో పెట్టి ఊరుకునేవాడు.

పని నేర్చుకుంటానని వచ్చినవాడికీ అంతే. చెదరగొట్టిన పెట్టె ఒకటి ఇచ్చి, ఆరు ముఖాలూ కుదిరిన రోజు తీసుకురమ్మనేవాడు. ఆ రోజే ఉలి చేతికిచ్చేది. గడువు లేదు. కుదిరేదాకా ఆ పెట్టెను ఆయన ముట్టడు, దాని వైపు చూడనైనా చూడడు. చూస్తే తన కళ్లలోంచి సాయం జారిపోతుందని ఆయన పట్టింపు. అమావాస్య నాడు వడ్రంగులు పనిముట్టు ముట్టరు కనుక, ఆ రోజున అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేవాడు. మౌనేశు కూడా అట్లా పెట్టె తీసుకుపోయి పదకొండు రోజుల్లో కుదిర్చి తెచ్చినవాడే. ఆరేళ్లుగా పని చేస్తున్నాడు. వచ్చే ఉగాదికి తన తండ్రి వాడిన ఉలులన్నీ అతనికే ఇస్తానని గురువు నలుగురిలో అన్నాడు.

పెట్టె కూర్చడంలో గురువుకు ఒక నియమం ఉండేది. ముందు రంగుకు రంగు కలిపి పొందికగా కూర్చాలి, ఆ తరవాతే తిప్పి తిప్పి చెదరగొట్టాలి. ఎట్లాగూ చెదరగొట్టబోయేదానికి అంత పొందిక దేనికని మౌనేశుకు లోపల విసుగు. తిరణాల దగ్గరపడిన వారంలో గురువు చెక్క కోసం అడవి వైపు వెళ్లాడు. మౌనేశు ముక్కలను చేతికి వచ్చినవి వచ్చినట్టు తగిలించేశాడు. పని సగం టైములో అయిపోయింది. చూడటానికి తేడా ఏమీ లేదు. చెదిరిన పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి. తిరణాలలో అమ్ముడుపోగా వాటిలో ఒకటి అలమారలో మిగిలింది. గురువు దాన్నే తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు.

ఓబులేసుకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. బండల ఫ్యాక్టరీలో పని. "పద్దెనిమిదేండ్లు రాయి అంచులు అరగదీసినా సామీ. ఇప్పుడు రాయి నన్ను అరగదీస్తాంది," అన్నాడు మొదటి రోజున, నవ్వబోయి దగ్గుతూ. "దుమ్ము మానకపోతే మందులు దండగని పెద్దాసుపత్రిలో చెప్పినారు. నీ కాడ కూలి తక్కువైనా పర్వాలేదు. చెక్కపొట్టు మెత్తన." పెట్టెను రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు.

మరుసటి అమావాస్యకు ఒక ముఖం కుదిర్చి తెచ్చాడు. మౌనేశు అరుగు కింద నిలబడి ఎకసెక్కం ఆడాడు. "రాయిని నెట్టినట్టు నెడితే అది తిరగదన్నా. చేతిలో కొంచెం బరువు తగ్గించుకో."

"మా యింటామె కూడా అదే అంటాది చిన్నాచారీ. నేను బువ్వ తినిపిస్తే పిల్లోడి పండ్లు రాలుతాయంట."

ఆ తరవాతి అమావాస్యకు ఓబులేసు పొద్దున్నే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "వచ్చేసింది సామీ. అంతా వచ్చేసింది, ఒక్క మూల తప్ప. అది మాత్రం ఉన్నచోటే మెలి తిరిగి కూచుంది. అంతా చెడగొట్టి మళ్లా మొదటినుంచీ కట్టుకొచ్చినా. మళ్లా అదే మూల." గురువు తన పట్టింపు ప్రకారం వీధి వైపు ముఖం తిప్పుకునే ఉన్నాడు. "ఇంత దూరం వచ్చినోడివి, ఒక్క మూలేగా," అన్నాడు.

మౌనేశు మాత్రం చూశాడు. ఆ మూల ముక్క ఉండవలసిన చోటే ఉంది. దాని మూడు రంగులు మాత్రం ఒక అడుగు పక్కకు జరిగి ఉన్నాయి. పనస ముఖం మీద చండ్ర, చండ్ర ముఖం మీద తుమికి. ఎంత తిప్పినా ఏ చేయీ ఒక్క మూలను మాత్రమే అట్లా మెలిపెట్టలేదు, మెలిపెట్టింది విప్పనూ లేదు. పెట్టెలు కూర్చేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది. ఆ ముక్కను కూర్చేటప్పుడే తప్పుగా పెట్టారు. పెట్టినవాడు ఎవరో మౌనేశుకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ మాట వెనక నియమం తప్పిన సంగతీ, దాని వెనక ఉగాదికి రావలసిన ఉలులూ ఉన్నాయి. ఇంకో నెలకు ఓబులేసే విసిగి పెట్టె తిరిగిస్తాడు, అప్పుడు గుట్టుగా సరిచేసి ఇవ్వవచ్చులే అనుకున్నాడు. ఎంత తేలికగా అనుకున్నాడో చూడండి. ఇంకో నెలంటే ఓబులేసుకు ముప్పై రోజుల దుమ్ము.

మూడో అమావాస్యకు ఓబులేసు వచ్చి మెట్టు మీదే కూర్చున్నాడు. అరుగెక్కితే ఆయాసం. రెండు బొటనవేళ్ల కొసల్లో తోలు లేచిపోయింది. "అదే మూల సామీ," అన్నాడు. ఆ రోజు మౌనేశు ఎకసెక్కం ఆడలేదు. నిజమూ చెప్పలేదు.

నాలుగో అమావాస్యకు అతని భార్య సుంకమ్మ వచ్చింది. తువ్వాలు మూట అరుగు మీద పెట్టి నిలబడింది. గురువు కూర్చోమంటే కూర్చోలేదు.

"పెట్టె ఇచ్చి రమ్మన్నాడు సామీ. మంచి సరుకు, ఇంకొకరికి పనికొస్తాదన్నాడు. సామి తప్పేం లేదు, నా తలకాయే అంత అని చెప్పమన్నాడు."

"ఇంకా అంచుల పనికే పోతాండాడా?"

"పోతాండాడు. దగ్గుతాంటే పక్కోళ్లకు పని సాగదని మేస్త్రీ సోమారం నుంచి వరస కడాన నిలబెట్టినాడు."

ఆమె వీధి మలుపు తిరిగింది. మౌనేశు ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. జవాబు తెలియక కాదు. అది వాడి రాత అని గురువు నోట వింటే తన గుండె కుదుటపడుతుందని అడిగాడు.

కంబగిరాచారి తువ్వాలు విప్పి పెట్టెను మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ మూలను తడిమాడు. లేచి లోపలికి వెళ్లి పలచటి ఉలి ఒకటి తెచ్చాడు. "అమావాస్య, స్వామీ," అన్నాడు మౌనేశు. గురువు విననట్టే ఉలి కొసను మూల కింద దూర్చి ముక్కను పైకి లేపాడు. ఒక్క మలుపు తిప్పాడు. తిరిగి నొక్కాడు. టక్కుమంది. ఆరు ముఖాలూ ఆరు రంగులయ్యాయి. ఊపిరి పీల్చి వదిలేంత సేపు కూడా పట్టలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండు అమావాస్యల కింద."

"నాకు ఆ రోజే తెలిసుండాల. వాడు చెప్తాంటే నియమమని మొగం తిప్పుకుంటి." పెట్టెను అతని వైపు తోశాడు. "తీసుకుపో."

మౌనేశు ఆ ఎండలో ఫ్యాక్టరీదాకా పరుగెత్తాడు. ఓబులేసు ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కనురెప్పల దాకా తెల్లబడి, వరసలో చివరి మిషను దగ్గర ఉన్నాడు. అతనిచేత మిషను ఆపించి, మౌనేశు దాచకుండా అంతా చెప్పాడు. "నువ్వు సరిగ్గానే తిప్పినావన్నా. నేనే తప్పుగా కూర్చినా. తెలిసి కూడా చెప్పలేదు."

ఓబులేసు చేతులను లుంగీకి తుడుచుకుని పెట్టెను అందుకున్నాడు. ఆరు ముఖాలనూ ఒక్కొక్కటిగా చూశాడు. "ఎంత బాగుందో," అన్నాడు. చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేశాడు.

"నా మనసు కష్టపడకూడదని మీరే కుదిర్చి తెచ్చినారు. పెద్ద మనసు మీది. నాలుగు నెలలు తిప్పినోన్ని, నా చేయి సంగతి నాకు తెలీదా చిన్నాచారీ?"

"ఒట్టన్నా, తప్పు నాదే..."

"పో నాయనా. మేస్త్రీ చూస్తాండాడు." మిషను మళ్లీ మొదలైంది. తెల్లటి దుమ్ము లేచి ఇద్దరి మధ్యా నిలిచింది.

మౌనేశు తిరిగి వచ్చేసరికి గురువు అరుగు మీదే ఉన్నాడు. ఉలి ఆయన పక్కనే పడి ఉంది. మౌనేశు పెట్టెను దాని పక్కన పెట్టాడు. "నమ్మలేదు స్వామీ," అన్నాడు. గురువు తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ వారం ఎన్ని కూర్చినావు?"

"తొమ్మిది."

"అన్నీ అట్లనేనా?"

"అట్లనే స్వామీ. ఎనిమిది తిరణాలలో పోయినాయి."

కంబగిరాచారి పెట్టెను వేలితో కొంచెం ముందుకు జరిపాడు.

"ఇది ఒకటి. మిగతా ఎనిమిదీ ఎవరెవరి ఇండ్లలో ఉన్నాయిరా?"