చిలక గది తాళం

అనగనగా ఒక రాజుగారు. రాజుగారన్నాక కొడుకులుండాలి కదా, ముగ్గురున్నారు. పెద్దవాడు ప్రచండుడు, రెండోవాడు ఉద్దండుడు. పేరుకు తగ్గ వీరులు. మూడోవాడు సుకేతుడు మాత్రం ఉరుము వింటే మంచం కింద దూరేవాడు. నవ్వకండర్రా, మీలో దూరేవాళ్ళెవరో నాకు తెలుసు.

రాజుగారి మేనకోడలు వాసంతికని కరాళుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పెళ్ళాడనన్నందుకు రాయిని చేశాడు. విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక సుకేతుడు బయల్దేరాడు. పాపం, వణుకుతూనే పడవెక్కాడు.

ఏడో సముద్రం ఒడ్డున ఒక గుడ్డి చుంచెలుక నీళ్ళలో కొట్టుకుపోతుంటే తీసి గట్టున పెట్టాడు.

"ఎక్కడికి నాయనా?" అంది చుంచెలుక. సుకేతుడు సంగతంతా చెప్పాడు.

"కరాళుడి ప్రాణం చిలకలో ఉంది. చిలక వాడి నేలమాళిగలో ఒక గదిలో ఉంది. ఆ గది తాళం లోపల ఐదు చీలలుంటాయి. ఐదూ సరిగ్గా లేస్తేనే ఇరుసు తిరిగి తాళం తెరుచుకుంటుంది. మధ్యలో చెయ్యి వదిలావో, చీలలన్నీ దిగిపోతాయి, నువ్వు రాయైపోతావు. మీ అన్నలు అట్లాగే అయ్యారు."

"అమ్మో! నావల్ల కాదు."

"కళ్ళు లేనిదాన్ని, తడుముకునే బతుకుతున్నాను. నేను నేర్పుతా, కూర్చో."

చుంచెలుక తమలపాకు కింద వెంట్రుక పెట్టి, ఎక్కడుందో చెప్పమంది. తర్వాత రెండాకుల కింద పెట్టింది. తర్వాత మూడాకుల కింద పెట్టింది. గట్టిగా నొక్కితే ఏమీ తెలియలేదు. తాకీ తాకనట్టు తాకితే తెలిసింది.

"భయపడే చెయ్యి తేలిగ్గా ఉంటుంది. నీకీ విద్య వస్తుంది" అంది చుంచెలుక.

మిట్టమధ్యాహ్నం కరాళుడు గురకపెడుతుంటే సుకేతుడు నేలమాళిగలోకి దిగాడు. లోపల కటిక చీకటి. తడుముకుంటూ పోతుంటే చేతికి రాళ్ళు తగిలాయి. ఒక రాయికి మీసాలున్నాయి. అది పెద్దన్న. సుకేతుడు గబుక్కున చెయ్యి తీసి ముందుకు తడిమితే చిలక గది తలుపు తగిలింది.

ఎడమచేత్తో తాళం కన్నంలో ఒక రేకుముక్క దూర్చి ఇరుసుని కాస్త పక్కకి ఒత్తిపట్టాడు. కుడిచేత్తో సూది పెట్టి చీలల్ని తడిమాడు. మొదటిది వదులుగా ఉంది. రెండోది వదులుగా ఉంది. మూడోది బిగుసుకుని ఉంది. ఆ బిగుసుకున్నదాన్నే మెల్లగా ఎత్తాడు. ఇరుసు వెంట్రుకవాసి జరిగింది. ఇప్పుడు మొదటిది బిగుసుకుంది. దాన్నీ ఎత్తాడు. అట్లా ఒకదాని తర్వాత ఒకటి, నాలుగు చీలలు నిలబడ్డాయి.

అప్పుడు చెవి పక్కనే బల్లి పలికింది. టిక్, టిక్, టిక్.

పిల్లలూ, బల్లి పలికితే మనమేం చేస్తాం? వేలితో టకటకా కొట్టి "కృష్ణ కృష్ణ" అంటాం. అన్నలిద్దరూ అదే చేశారు. తాళం మీంచి చెయ్యి తీశారు, రాళ్ళైపోయారు. అది కరాళుడు పెంచిన బల్లి మరి. సుకేతుడి వేలు కూడా లేవబోయింది. కానీ సూది కింద ఐదో చీల ఇంకా బిగుసుకునే ఉందని ఆ వేలికి తెలుస్తోంది. భయంతో ఏడుస్తూ, కన్నీళ్ళు తుడుచుకోడానిక్కూడా చెయ్యి తియ్యకుండా, దాన్ని ఎత్తాడు. ఇరుసు గిర్రున తిరిగింది.

లోపలికెళ్ళి చిలకని పట్టుకున్నాడో లేదో, వెనక కరాళుడు నిలబడి ఉన్నాడు.

"చంపుతావా? చంపు. నేను పోతే ఈ రాళ్ళని మనుషుల్ని చేసేవాడే ఉండడు" అని పకపకా నవ్వాడు.

చంపితే అన్నలూ వాసంతికా ఎప్పటికీ రాళ్ళే. వదిలితే తనూ రాయే. చిలక గుండె వేలి కింద దడదడలాడుతోంది. సుకేతుడు పిడికిలి వెంట్రుకవాసి బిగించాడు. కరాళుడికి నవ్వాగింది. ఇంకో వెంట్రుకవాసి బిగించాడు. ఊపిరాడక కరాళుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నీ చెయ్యి వణుకుతోందిరా! చంపేస్తావు!" అని గోలపెట్టాడు.

"అవును, నాకు చాలా భయంగా ఉంది. త్వరగా మంత్రం చదువు" అన్నాడు సుకేతుడు.

కరాళుడు గడగడా చదివాడు. ముగ్గురూ ప్రాణాలతో లేచారు.

"బావా, ఇంకా వణుకుతున్నావేం?" అంది వాసంతిక.

"మనం ఇల్లు చేరేదాకా ఇంతే" అన్నాడు సుకేతుడు.

ఏడు సముద్రాలూ కరాళుడే పడవ నడిపాడు. అన్నలు పట్టుబట్టి తమ్ముడికే పట్టం కట్టించారు. పెళ్ళిలో సుకేతుడు మూడు ముళ్ళూ వేసేదాకా చిలకని వాసంతిక పట్టుకుంది. ఆమె పట్టు ఇంకా గట్టిది. కరాళుడు పందిరి బయట చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

వాళ్ళిద్దరూ చల్లగా చాలాకాలం రాజ్యమేలారు. చిలకకి బంగారు పంజరం చేయించమని అందరూ అన్నారు గానీ రాజు ఒప్పుకోలేదు. తాళాలు ఎట్లా తెరుచుకుంటాయో ఆయనకి తెలుసు. అందుకే ఆ చిలక పగలు ఆయన చేతిలో ఉండేది, రాత్రి ఆవిడ చేతిలో ఉండేది.