నువ్వుగింజ మిగల్లేదు

మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి మునిసిపల్ ఛైర్మన్ భూషణరావు చేతులు కడుక్కుని బస్టాండు షామియానాలో కూర్చున్నాడు. అక్కడి రెండు బర్గర్ బండ్లలో రుచి లేనిదాన్ని ఎత్తేయిస్తానని తనే ఉత్తర్వు వేశాడు. ముందు తన బావమరిది బండిలో బర్గర్ తిన్నాడు, తర్వాత రెండో బండి పైడమ్మది.

"బర్గరంటే మావాడిదే. మెత్తటి బన్ను, కమ్మటి కట్లెట్. పైడమ్మా, నీది వట్టి గడ్డి. బండి తీసెయ్," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

పైడమ్మ రెండు ప్లేట్లూ ఎత్తి జనానికి చూపించింది. "మీవాడిది సగం మిగిలింది. నా ప్లేట్లో నువ్వుగింజ కూడా లేదు బాబూ."

"ఆకలేసి తిన్నానులే!"

"ఆకలి మొదటి ప్లేటు దగ్గర కదా ఉండాలి? కడుపులో సగం బర్గర్ పడ్డాక గడ్డెవరు తింటారు బాబూ?"

జనం గొల్లుమన్నారు. ఛైర్మన్ ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని కారెక్కాడు.

నాలుగు రోజులకి తెలిసింది, బావమరిది కూడా మధ్యాహ్నం పైడమ్మ బర్గరే తెప్పించుకుంటాడట.