గురవమ్మ చవుటమ్మ అయిన వైనం

పూర్వం పెన్నకు దక్షిణాన, చండ్ర, రేల, మోదుగ వృక్షాలతో పగటివేళ సైతం చీకటిగా ఉండే అరణ్యం నడుమ రేలదిన్నె అనే సీమను కొండమనాయడనే పాలెగాడు ఏలుతుండేవాడు. ఆ అడవిని నమ్ముకొని జీవించే చెంచులకు గురవమ్మ అనే వృద్ధురాలు పెద్దదిక్కుగా ఉండేది.

నాయనికి వరిపొలాల మీద ఆశ పుట్టి, మిట్టమీది అడవినంతటినీ నరికించమని ఆజ్ఞాపించగా, గురవమ్మ కర్ర ఊతగా కోటకు నడిచి వెళ్లి చేతులు జోడించింది.

"ఈ నేల అడుగున ఉప్పు నిద్రపోతావుంది దొరా. కురిసిన వానను మాన్ల వేర్లు తాగుతావుండబట్టి అది లేవడంలేదు. మాన్లు పోతే ఆ నీళ్లన్నీ లోపలికి దిగి, అడుగున ఊట ఉబ్బి, ఉప్పును పైకి మోసుకొస్తాది."

"బావుల్లో నీళ్లు పెరిగితే ఏడ్చేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను" అని నాయడు నవ్వగా, సభ యావత్తూ నవ్వింది.

రెండేళ్లలో అడవి నేలమట్టమైంది. ఇరవై బారల చేంతాడుకు గాని అందని బావినీరు, మరి మూడేళ్లకు ఐదు బారలకే అందింది, వరి విరగపండింది. నాయడు గురవమ్మను పిలిపించి, నలుగురిలో కూర్చోబెట్టి కొత్తబియ్యపు అన్నం పెట్టించి, "ఇప్పుడేమంటావు?" అన్నాడు.

"అన్నం కమ్మగా ఉంది దొరా. ఊట ఇంకా పైకొస్తానేవుంది" అన్నది ఆమె.

ఆ మరుసటి వేసవిలో పల్లపు మళ్లమీద తెల్లని చవుటి పొర తేలింది. దానిని కడిగివేయాలని నాయడు కాలువలు తెగగొట్టి మళ్లను ముంచెత్తగా, ఆ నీరూ అడుగుకు దిగి ఊటను మరింత ఎత్తింది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మాత్రం మిగిలింది. వరి నారుమళ్లలోనే మాడింది. బావినీరు ఉప్పెక్కింది. పశువులు తొట్టి వాసన చూసి తల తిప్పుకున్నాయి. స్త్రీలు బిడ్డల దాహానికై రెండామడలు నడిచారు.

అప్పుడు నాయడు గురవమ్మ గుడిసెకు వెళ్లి, "ఏ దేవతకు ఏ బలి ఇమ్మంటావు?" అని అడిగాడు.

"బలి ఎందుకు దొరా? మిట్టమీద మళ్లీ మాన్లు పెట్టించు. తియ్యనీళ్లు నువ్వు చూడవు, నీ మనమడు చూస్తాడేమో."

నాయనికి అంత ఓపిక లేకపోయింది. పరివారంతో వేరొక సీమకు తరలిపోతూ, తన తప్పు తనకు అంటకుండా, చెంచు ముసలిది శపించబట్టే నేల చెడిందని చాటింపు వేయించాడు. ఆ మాట నమ్మి జనం ఆమెను రాళ్లతో తరిమారు. అయినా ఆమె మిట్టకు తిరిగివచ్చి, రేల మొక్కలు నాటి, దూరపు వాగునుండి కడవలతో నీరు మోస్తూ, నాలుగో ఏట మొక్కల నడుమనే ప్రాణం విడిచింది.

భయంతో జనమే ఆమెకు గుడి కట్టి, చవుటమ్మ అని పేరు పెట్టారు. నేటికీ చైత్రమాసపు జాతరలో భక్తులు ఉప్పులేని పొంగలి నివేదించి, ఎదుట తెల్లగా మెరిసే పొలాలను చూపి, "శాపం వెనక్కి తీసుకో తల్లీ" అని వేడుకుంటారు. గుడి వెనుక మిట్టమీద ఆమె నాటినవాటిలో బతికిన రేలచెట్లు పదకొండు ఉన్నాయి. జాతర వంటకు కట్టెలు వాటినుండే కొడతారు.